ముల్లి కుండ ఎవరు మోశారు

సొన్నాయి చేతిలోంచి అవ్వ గరిటె తీసేసుకుంది.

కోపంగా తీసుకోలేదు. తినడం అయిపోయాక పిల్లల ముందు నుంచి కంచం తీసినట్టు తీసుకుంది. కొంగుతో తుడిచింది. నొప్పి మోకాలితోనే ముక్కాలిపీట ఎక్కి, పొయ్యి పొగకి నల్లబడిన దూలం మీద, ఎవరి చెయ్యీ అందని మూల పెట్టింది. దిగి, మోకాలు రాసుకుంటూ పొయ్యి ముందు కూర్చుంది.

అది ఆనపబుర్రతో చేసిన గరిటె. మబ్బులగట్టు మీద దాంతో కల్లు రుచి చూసి తీర్పు చెప్పే హక్కు ఒక్కరికే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ ఒక్కరు కోసాయి అవ్వ. ఈసారి పండక్కి అవ్వ దాన్ని సొన్నాయి చేతిలో పెట్టింది. పెట్టి, పొద్దు వాలకుండానే వెనక్కి తీసేసుకుంది.

"నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏటైనా ఉందా అవ్వా?"

"లేదు."

"రుచి తప్పు పట్టుకున్నానా?"

"లేదు. నీ నాలుక నా నాలుక కన్నా మంచిది."

"మరి?"

అవ్వ కట్టెని పొయ్యిలోకి కొంచెం ముందుకు తోసింది.

మబ్బులగట్టు మీద చోళ్ళు తప్ప ఇంకేదీ సరిగ్గా పండదు. మైదానంలో వాటిని రాగులంటారు. ఆ గింజల్ని మొలకెత్తించి, ఎండలో ఆరబెట్టి, దోరగా వేయించి, తిరగలిలో విసిరి, గంజి కాచి, చల్లార్చి, కుండలో పోస్తారు. దాంట్లో ఉండలు వేస్తారు. అడవి వేళ్ళూ బెరళ్ళూ దంచి, పిండిలో కలిపి ఎండబెట్టిన ఉండలు. అవి పడితేనే గంజి పులిసి కల్లవుతుంది. ఏ ఇంటి ఉండలు ఆ ఇంటివే. అత్త నుంచి కోడలికి వస్తాయి. పాత కల్లు మడ్డి చారెడు కలిపి కొత్త ఉండలు చేసుకుంటారు. అలా ఎప్పుడో చచ్చిపోయిన ముసలమ్మల చేతివాటం ఇంకా ఆ కుండల్లో పులుస్తూనే ఉంటుంది.

కొత్త చోళ్ళ పండగనాడు ఇంటికో కుండ చొప్పున గట్టు మీది పెద్ద బండ దగ్గరికి వస్తాయి. రుచి చెప్పే మనిషి అన్నీ రుచి చూస్తుంది. అన్నిట్లోకీ బాగున్న కుండలోంచి కొండతల్లి ముందు ఇంత ధార పోస్తుంది. బండ మీద జరిగేది అదొక్కటే. అక్కడ నోరెత్తి ఎవరికీ ఏమీ చెప్పదు. కుండలన్నీ ఆమె ముంగిట్లోకి చేరతాయి. మర్నాటి నుంచి వాటిని ఒక్కొక్కటీ నెత్తిన పెట్టుకుని, ఎవరి కుండ వాళ్ళ ఇంటికి మోసుకెళ్ళి, గడపలో దించి, అప్పుడు చెబుతుంది. ఏది బాగుందో, ఏది బాగాలేదో, ఏం చెయ్యాలో. ఆఖరి కుండ ఇల్లు చేరేసరికి చలి ముదిరిపోతుంది.

ఇదంతా సొన్నాయికి శుద్ధ దండగ అనిపించేది.

సొన్నాయి నాలుక మామూలు నాలుక కాదు. గుక్క నోట్లో తిప్పి, ఆ నీళ్ళు ఏ వాగువో చెప్పేది. ఆ నాలుకకే రెండో పనితనం కూడా ఉంది. మాటకి మాట వెయ్యడంలో ఆ గట్టు మీద ఆమెని గెలిచినవాళ్ళు లేరు. పెళ్ళి మాటలకి వచ్చిన పెద్దమనుషులు కూడా ఆమెతో వాదించి, పిల్ల సంగతి మర్చిపోయి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

"బండ మీదే చెప్పేస్తే ఏటి పోయింది అవ్వా?" అని ఏటా అడిగేది. "అందరూ అక్కడే ఉంటారు. ఒకరి తప్పు పదిమంది వింటారు. పదిమందీ నేర్చుకుంటారు. నువ్వు ఒక్కొక్క గడపకీ తిరిగితే ఒక్కొక్కరే నేర్చుకుంటారు. ఏది నయం?"

"నువ్వన్నది బాగానే ఉంది," అనేది అవ్వ. మర్నాడు కుండ నెత్తిన పెట్టుకుని బయల్దేరేది.

ఈ ఏడు అవ్వ మోకాలు కుండలా వాచింది. గరిటె సొన్నాయికి ఇచ్చి, తను బండ పక్కన చాప వేసుకుని కూర్చుంది.

సొన్నాయి చెప్పింది. కుండ వెనక కుండ, అందరి ముందూ, గలగలా చెప్పింది. ఒకరి కల్లు తియ్యగా మొదలై చెప్పకుండా పారిపోయే అల్లుడిలా ఉందంది. ఇంకొకరిది బాగుంది గానీ గంజి ఆరకుండానే ఉండలు వేసే తొందర ఉందంది. జనం మరింత దగ్గరికి జరిగారు. నిజం కదా, అన్నారు. ఎంత బాగా పట్టుకుంది, అన్నారు. కొండతల్లి పండగ ఇంత సరదాగా ఎప్పుడూ జరగలేదన్నారు.

అప్పుడు ఒక పాత కుండ వచ్చింది. మూతి దగ్గర నల్లగా, పొట్ట దగ్గర పాచి రంగులో ఉంది.

"ఇదెవరిది?"

"నాదే తల్లీ." గట్టు కింది చీకటిపేట ముల్లి ముందుకొచ్చింది. నడివయసు మనిషి. ప్రతి ఏడూ కుండ తెస్తుంది. ఏనాడూ ఆ కుండలోంచి కొండతల్లికి ధార పడలేదు.

సొన్నాయి గుక్క తీసుకుంది. కళ్ళు మూసింది. తెరిచింది.

"పొగ. దాని వెనక తడిమట్టి. ముల్లి పిన్నీ, గింజ వేయించబోయి పొయ్యి ముందు కునుకు తీసినట్టున్నావు. లేచాక కుండ కడగడం కూడా మర్చిపోయినట్టున్నావు. ఇది కల్లేటి? తడిసిన దుప్పటి పిండినట్టుంది. ఆ ఉండలు వాగులో పారేసి, కుండ బూడిదతో తోమి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టు."

బండంతా నవ్వింది. "తడిసిన దుప్పటి! ఓలమ్మో!" అని ఎవరో తొడ చరుచుకున్నారు. నవ్వినవాళ్ళలో ముల్లి కూడా ఉంది. అది సొన్నాయి చూసింది. చూసి, పరవాలేదనుకుంది.

అన్నీ అక్కడే చెప్పేశాక ఇంక కుండలు ఉంచడం ఎందుకని ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. ముల్లి కూడా తన కుండ తలకెత్తుకుని పొగమంచులోకి దిగిపోయింది. ఆ సాయంత్రం అవ్వ ముంగిలి ఖాళీగా ఉంది. పండగ వెళ్ళిన సాయంత్రం ఆ ముంగిలి ఖాళీగా ఉండటం సొన్నాయి అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఇదీ జరిగింది. గరిటె దూలమెక్కింది అందుకే. అదెందుకో మాత్రం సొన్నాయికి అర్థం కాలేదు.

"ముల్లి కుండ ఎవరు మోశారు?" అంది అవ్వ, పొయ్యి వైపే చూస్తూ.

"ఆవిడే."

"ఊఁ."

"అదా తప్పు? బరువు మొయ్యలేదనా?" సొన్నాయి లేచి నిలబడింది. "బరువే కావాలంటే నాలుగు బండరాళ్ళు ఎత్తమను, ఎత్తుతాను. మాట నిజమా కాదా అన్నది కదా లెక్క! కుండ ఎవరి నెత్తి మీదుంటే మాట రుచి మారిపోతాదేటి?"

"పొద్దున్నే పోయి ఆ కుండ తీసుకురా."

"ఎందుకు?"

"మళ్ళీ మోసుకుపోదువు గాని."

సొన్నాయికి నవ్వొచ్చింది. ముసలావిడకి మోకాలితో పాటు ఇంకేదో కూడా వాచిందనుకుంది. "కిందికి పోయి తెచ్చి, మళ్ళీ కిందికి పట్టుకుపోవాలా? కుండ చేరాల్సిన చోటే ఉంది కదా అవ్వా."

"నువ్వు చేరలేదు," అంది అవ్వ.

తెల్లారి మంచు గట్టు మీదికి కాదు, గట్టు లోపలికి దిగినట్టుగా ఉంది. సొన్నాయికి తన మోకాళ్ళ కింద కాళ్ళు కనిపించలేదు. దారి తన అడుగుల్ని తనే తీసుకుంటున్నట్టు, తను ఊరికే తేలుతున్నట్టు దిగింది. దిగుతూ అవ్వతో వాదిస్తూనే ఉంది. ప్రతి మాటకీ మంచు ఒప్పుకుంది. ఎంత ఒప్పుకున్నా ఎందుకో గెలిచినట్టు అనిపించలేదు.

చీకటిపేటకి ఆమె ఎప్పుడూ రాలేదు. రావాల్సిన పని పడలేదు. పెద్ద కొండరాయి ఒకటి ఊరి మీదికి ఒంగి ఉంటుంది. ఎండ ఆ రాయి దాటి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. వచ్చిన కాసేపటికే ఎదురుకొండ దాన్ని మింగేస్తుంది. ముంగిళ్ళ నిండా పాచి. చూరుల్లోంచి చినుకులు, వాన లేకుండానే.

ముల్లి ఇంటి తలుపు తీసే ఉంది.

"పిన్నీ!"

ఎవరూ పలకలేదు. లోపల అడుగు పెట్టగానే సొన్నాయి నాలుక ముందు గుర్తుపట్టింది. అదే పొగ. నిన్న బుర్రగరిటెలో తాగిన పొగ, తను చెప్పకుండా వదిలేసిన కొస తీపితో, గాల్లో వేలాడుతోంది.

తలెత్తింది. పొయ్యికి పైన వెదురు అటక. అటక మీద చాప. చాప మీద మొలకెత్తిన చోళ్ళు, పలచగా, ఓపిగ్గా పరిచినవి. గింజలన్నీ ఒక్కలాగే ఎర్రగా ఉన్నాయి. ఒక్కటి కూడా మాడలేదు. ఎండ లేని ఊళ్ళో గింజ ఆరడానికి పొయ్యి తప్ప ఇంకో సూర్యుడు లేడు. చాప అంచు వెనక మట్టిగోడకి ఆనుకుని ఉంది. ఆ గోడ చెమ్మతో మెరుస్తోంది.

సొన్నాయి చాలాసేపు అలా తలెత్తుకునే నిలబడింది.

ఇంటి వెనక వాగు చప్పుడు. ముల్లి ఒడ్డున కూర్చుని ఉంది. ఒళ్ళో కుండ, పక్కన ఆకులో బూడిద, చేతిలో గడ్డిచుట్ట.

"ఓలమ్మ, రుచి చెప్పే తల్లి వచ్చిందే!" అంది ముల్లి. "ఏటి తల్లీ, తోమానో లేదో చూద్దామని వచ్చినావా?"

"ఉండలు..." అంది సొన్నాయి.

"పారేసినా. ఇగో, ఈ వాగులోనే. చేపలు తాగేసి పడుకున్నట్టున్నాయి. పొద్దుట్నుంచి ఒక్కటీ కదల్లేదు."

"అన్నీనా?"

"నువ్వు కొన్ని ఉంచుకోమన్నావా?"

నీళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు తప్ప ఏమీ లేదు. ముల్లి అత్త, ఆ అత్తకి అత్త, ఆమె ముందు ఇంకెవరో పేరు తెలియని మనిషి, అందరూ ఆ నీళ్ళతో పాటు మైదానం దాకా వెళ్ళిపోయి ఉంటారు ఈపాటికి.

ముల్లి గడ్డిచుట్టని బూడిదలో అద్దింది. కుండలో చెయ్యి పెట్టబోయింది.

"పిన్నీ, ఈ కుండ ఎప్పుడూ కడగవా?"

తీర్పు చెప్పే మనిషిగా, సంగతి తెలుసుకుందామని సొన్నాయి ఎవరినైనా అడిగిన మొదటి ప్రశ్న అది. ముల్లి చెయ్యి ఆగింది.

"మా అత్త కడగలేదు. నేనూ కడగలేదు. ఎందుకంటే ఏటి చెప్పను? ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ. బద్ధకమేమో. నిన్న నువ్వన్నాక బద్ధకమే అనిపించింది."

సొన్నాయి వంగి ఆమె మణికట్టు పట్టుకుంది.

"కడగకు."

"నిన్న కడగమన్నావు!"

"నిన్న నేను మీ ఇల్లు చూడలేదు."

ముల్లి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అడగాలనే ఉంది, అంతే.

"ఇల్లు చూడకుండానే నేను కునుకు తీసినట్టు ఎలా కనిపించింది తల్లీ నీకు?"

గట్టు మీద ఎవరికీ ఓడని సొన్నాయి నోరు తెరిచింది. వాగు మాట్లాడింది. చూరు చినుకులు మాట్లాడాయి. సొన్నాయి నోరు మూసుకుంది.

"అవ్వ కుండ తెమ్మంది," అని మాత్రం అనగలిగింది.

"పట్టుకుపో. దీంతో నాకింక పనేటుంది."

ఎక్కేటప్పుడు కుండ నెత్తి మీద ఉంది. ఖాళీ కుండే. అయినా దాని మూతి మీదుగా గాలి పోయినప్పుడల్లా లోపల ఎవరో నిద్రలో 'ఊఁ' అన్నట్టు వినిపించింది. దారి పొడుగునా వినిపించింది. ఈసారి సొన్నాయి ఎవరితోనూ వాదించలేదు.

అవ్వ కుండని ఒళ్ళోకి తీసుకుంది. లోపల ముక్కు పెట్టి ఊపిరి పీల్చింది.

"కడిగిందా?"

"చెయ్యి పట్టుకున్నాను."

"ఊఁ."

నిన్నటి ఊఁకీ ఈ ఊఁకీ తేడా ఉంది. ఏమిటో సొన్నాయికి అందలేదు.

అవ్వ గోరువెచ్చని చోడిగంజి కుండలో పోసింది. పెద్ద అడ్డాకు మూతేసి నారతో కట్టింది.

"ఉండలు వెయ్యవా?"

"ఎక్కడున్నాయి?"

"మన ఉండలు వేద్దాం. బోలెడున్నాయి."

"అప్పుడది మన కుండ అయిపోతాది."

అవ్వ లేచింది. తను కప్పుకునే దుప్పటి తెచ్చి కుండ చుట్టూ చుట్టింది, మెడ దాకా, చంటిపిల్లకి చుట్టినట్టు. సొన్నాయి ఆ దుప్పటి వైపు చూసింది. తల వంచుకుంది.

తరవాత ఎదురుచూడటమే. మంచు ఇంట్లోకి వచ్చింది. పొయ్యి దాకా వచ్చి, వెలుగు చూసి, అక్కడే ఆగిపోయింది. సొన్నాయి కుండ పక్కనే ఉంది. నీళ్ళు తెచ్చేది, కట్టెలు తెచ్చేది, మళ్ళీ వచ్చి కుండకి చెవి ఆనించి కూర్చునేది.

"ఏటి వినిపిస్తంది?"

"ఏటీ లేదు."

"అయితే అదే విను."

ఒక మధ్యాహ్నం అలా వింటూ వింటూ కుండ మీదే తల వాల్చి నిద్రపోయింది. కలలో వాగు అడుగున ఉంది. పైన నీళ్ళలోంచి ఉండలు ఒక్కొక్కటీ దిగివస్తున్నాయి, నెమ్మదిగా, వెలుగుతూ. వాటి చుట్టూ ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ తెల్లని జుట్టు నీళ్ళలో ఊగుతోంది. ఎవరో ఏదో అన్నారు. అందరూ నవ్వారు. మధ్యలో ముల్లి కూడా నవ్వింది. నీళ్ళ అడుగు నుంచి చూస్తే ఆ నవ్వు నోటి దగ్గరే ఆగిపోవడం, కళ్ళ దాకా రాకపోవడం, స్పష్టంగా కనిపించింది. బండ మీద కూడా అలాగే ఉంది కదా, అనుకుంది సొన్నాయి కలలోనే. నేను చూశాను కదా.

టప్.

కళ్ళు తెరిచింది. వాన పడలేదు. చూరు కారలేదు.

టప్. ఈసారి బుగ్గ కిందే. గంజిలో బుడగ పగిలి, ఆకు కింద నుంచి చినుకు పైకి పడినట్టు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకటి. దాని వెనక ఇంకొకటి, తొందరగా.

"అవ్వా! అవ్వా!"

"అరవకు," అంది అవ్వ, కళ్ళు తెరవకుండానే. "బెదురుతాది."

కల్లు తేరేదాకా ఆగారు. అవ్వ మామూలు చిప్పతో సొన్నాయికి పోసింది. దూలం మీది గరిటె జోలికి పోలేదు. సొన్నాయి గుక్క నోట్లో తిప్పింది. కళ్ళు మూసింది. ఈసారి తెరవడానికి చాలాసేపు పట్టింది.

"పొగ ఉంది," అంది. "గంజి మనది. గింజ మనది. అయినా ఉంది. పొగా, పులిపించే పాత మడ్డీ కుండ గోడల్లో ఉండిపోయాయి."

"మరి మోసుకుపో."

"పోయి ఏటి చెప్పను?"

"ఉన్నది చెప్పు."

"మళ్ళీ పొగ ఉందనేనా? మళ్ళీ అదేనా అవ్వా?"

అవ్వ మొదటిసారి పొయ్యి మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూసింది.

"అబద్ధం చెప్పడానికి ఇంత దూరం మొయ్యాలేటి?"

నిండు కుండ నెత్తిన పెట్టుకుని మంచులో దిగడం ఖాళీ కుండతో ఎక్కడం లాంటిది కాదు. అడుగు తడబడితే మెడ మీంచి చల్లగా కారుతుంది. దారిలో పండగనాడు బండ దగ్గర నవ్వినవాళ్ళు ఎదురొచ్చారు. "అదేటి, ముల్లి తడి దుప్పటేనా? తీర్పు మళ్ళీ చెబుతావా? చెప్పు, వింటాం," అన్నారు. సొన్నాయి ఆగలేదు. చీకటిపేట వైపు మలుపు తిరిగింది. మంచు ఆమె వెనక తలుపు వేసుకుంది.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చేతులు ఖాళీ. మెడ మీద కల్లు ఆరి, చారలు కట్టింది. ఒంటి నిండా పొగ వాసన.

అవ్వ చోళ్ళు చెరుగుతోంది.

"ఏటి చెప్పినావు?"

"పొగ ఉందన్నాను. అది నీ తప్పు కాదు, నీ ఊరి రుచి, ఉండనీ అన్నాను. తడిమట్టి వాసన మాత్రం గోడది. చాప అంచు గోడకి ఆనుకుంటంది, జానెడు ఇవతలికి జరపమన్నాను." ఆగింది. "కునుకు మాట నేను కల్పించినానని చెప్పినాను."

"ఉండలో?"

"మడ్డి తీసి పిండిలో కలుపుతంది. నేనూ కలిపినాను."

చేట ఆగింది.

"నువ్వు పొగ ఉందన్నప్పుడు ఆవిడ ఏటంది?"

సొన్నాయి కాస్త ఆలోచించింది.

"కూర్చోమంది," అంది.

చేట మళ్ళీ కదిలింది. పొట్టు మంచులోకి ఎగిరిపోయింది.

సొన్నాయి కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. చీకట్లో గోడ తడుముతూ దీపం కోసం చెయ్యి చాపింది. చేతికి దీపం తగల్లేదు. కింది కొయ్యకి వేలాడుతూ, ఆనపబుర్ర గరిటె తగిలింది.